చితి దగ్గర చెప్పే మాట

శ్రాద్ధం చేయము, పిండం పెట్టము అన్నది 1956 అక్టోబర్‌లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి. ఇంట్లో చావు జరిగినప్పుడే దాని బరువు తెలుస్తుంది. మంత్రం లేని చోట మాట ఉండాలి. ఆ మాటలో ఏం చెప్పాలి?

మా నాన్న నింపురా యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. ఆయన పోయిన రాత్రి అక్కాచెల్లెళ్లం, అన్నదమ్ములం కాగితం ముందు కూర్చున్నాం. ఊరి నుంచి పెదనాన్న ఫోన్లో "దేవుడులాంటోడని రాయండిరా" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న దేవుడేటి? కోపిష్టి మనిషి. ఉన్నదే చెప్పండి. ఆయన మంచి ఆయనకి చాలు."

అబద్ధమాడనన్న శీలం చితి దగ్గర సడలదు కదా. మహాపరినిబ్బాన సుత్తంలో, తన చివరి రోజున, తలుపు పట్టుకుని ఏడుస్తున్న ఆనందుణ్ని బుద్ధుడు పిలిపించాడు. ఇన్నాళ్లూ ప్రేమతో సేవ చేశావన్నాడు. ఎవరిని ఏ వేళకు తన దగ్గరికి తీసుకురావాలో ఆనందుడికి తెలుసని భిక్కువులతో చెప్పాడు. మహిమలు చెప్పలేదు, చేసిన పనిని చెప్పాడు.

మేమూ ఆ దారే పట్టాం. బండి పూర్తిగా ఆగిందని కళ్లతో చూడకుండా బఫర్ల మధ్యకి వంగొద్దని కొత్త కుర్రాళ్లకు చెప్పేవారని రాశాం. నైట్ డ్యూటీ దిగొచ్చి, నిద్రపోకుండా మా లెక్కలు చూసేవారని రాశాం. కోపమొస్తే రెండు రోజులు మాట్లాడేవారు కాదనీ, మూడో రోజు జిలేబీ పొట్లం తెచ్చేవారనీ రాశాం.

మనవలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పెద్ద మనవరాలు మేము చెబుతుంటే ఆ తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాసుకుంది. మర్నాడు త్రిశరణ పంచశీలాల తర్వాత తనే చదివింది. యార్డు స్నేహితుల్లో బెంగాలీలు, ఒడియావాళ్లు, బీహారీలు ఉన్నారు గనక మేము హిందీలోనూ చెప్పాం. జిలేబీ మాటకు ఏడుస్తున్నవాళ్లే నవ్వారు. బఫర్ల మాటకు ఒకాయన తల దించుకున్నారు. "అది నాకు చెప్పిందే" అన్నారు తర్వాత.

ఆనందుడు ఆ మెప్పును బతికుండగా తన చెవులతో విన్నాడు. నాన్న వినలేదు. అందుకే అమ్మ గురించిన కాగితం ఇప్పుడే మొదలుపెట్టాం. వచ్చే బుద్ధ పూర్ణిమకు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి చదువుతాం.