నల్ల బీరు, మా తాత అంబలి

మా పెద్దన్న కొడుకు మ్యూనిక్‌లో చదువు ముగించి, అక్కడే ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. పోయిన ఉగాదికి బెంగళూరు ఇంటికి వచ్చినప్పుడు పెట్టెలోంచి చాక్లెట్లు, అవ్వకు ఉన్ని శాలువా, పిల్లలకు రంగు పెన్సిళ్లు తీశాడు. చివర్న ప్యాంట్లలో చుట్టిన నాలుగు సీసాలు మిగిలాయి. ఒక్కోటి అర లీటరు. బయటి దేశం నుంచి వచ్చేవాళ్లు రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చంట, లెక్కపెట్టి సరిగ్గా అంతే తెచ్చాడు. "నల్ల బీరు చిన్నాయనా, అక్కడ తాగినప్పుడల్లా మన ఇల్లే గుర్తొస్తుంది. మీరూ ఒకసారి రుచి చూడాలని..." అంటూ మా ముఖాలు చూసి ఆగిపోయాడు.

మా ఇంట్లోకి సీసా రాదు. మా చిన్నప్పటి నుంచి విన్నది ఒకే మాట: "మన ఇంట్లో ముట్టుకోరు." ఎందుకని అడిగితే దేవుడి మొక్కు అనేవాళ్లు. మేమూ మా పిల్లలకు అదే చెప్పాం. బయట ముట్టుకున్నవాళ్లు మాలో లేరని కాదు. ఆఫీసు పార్టీల్లో ఒక గ్లాసు తాగి, సోంపు నమిలి, మెల్లగా తలుపు తీసుకుని వచ్చినవాళ్లం ఉన్నాం. బెంగళూరులో ఉంటూ బీరు వాసన తెలియదంటే ఎవరు నమ్ముతారు?

మా మూలం వి.కోట దగ్గర పల్లె. అక్కడి నుంచి తాత కోలారు బంగారు గనికి పోయాడు. చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు, ఉత్తరార్కాడు నుంచి తమిళులు, అందరూ ఆ లైన్ ఇళ్లల్లో కలిసి బతికిన కాలం. గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. కింద ఉడుకు, పైన దుమ్ము. ఆ ఊళ్లో దొరల క్లబ్బులో బీరు, కూలోళ్ల వీధి చివర సారాయి. 2001లో గని మూతపడే నాటికి మేము ఎప్పుడో బెంగళూరు చేరిపోయాం. ఇంట్లో మాట్లాడేది ఇప్పటికీ ఆ కోలారు తెలుగే, సగం కన్నడం కలిసింది.

సీసాలు చూసినాక చర్చ నడిచింది. తిప్పి పంపేద్దామని ఒకరు, పిల్లాడు అంత ఆశగా తెచ్చాడు కదా అని ఒకరు. చివరికి రాత్రి అవ్వ పడుకున్నాక మిద్దె మీదికి పోదాం అనుకున్నాం. అవ్వకు ఎనభై ఎనిమిదేళ్లు, చెవులు మాత్రం మా కంటే బాగా పనిచేస్తాయి. అవ్వకు తెలియకూడదు. ఇంకొకరికి కూడా తెలియకూడదు. మా రెండో తమ్ముడు తాగడం మాని ఆరేళ్లయింది. మానక ముందు ఏం జరిగిందో ఇక్కడ రాయం. అది వాడి కథ, రాయాలనుకుంటే వాడే రాస్తాడు.

ఇంట్లో బీరు గ్లాసులు ఎక్కడివి! స్టీలు లోటాల్లో పోస్తే రంగు కనపడదని జ్యూసు గ్లాసులు తీసుకుపోయాం. సీసాలు రెండు రకాలు. రెండు మ్యూనిక్ పక్కన ఆయింగ్ అనే పల్లెలో చేసే డుంకెల్. డుంకెల్ అంటే ముదురు రంగు అని అర్థం. మిగతా రెండు కోస్ట్రిట్జర్ ష్వార్ట్స్‌బీర్, అంటే నల్ల బీరు. ఇది తురింగియా ప్రాంతంలోని బాడ్ కోస్ట్రిట్జ్ ఊరిది. ఆ సారాయి కార్ఖానా 1543 నుంచి ఉందని పిల్లాడు చెప్పగానే మాలో ఒకరు "సారాయి అనొద్దురా, బీరు అను" అని నోరు మూయించారు.

ముందు డుంకెల్. ట్యూబ్‌లైటు కింద గ్లాసు పైకెత్తి చూస్తే నలుపు కాదు, పల్చగా దిగిన కాఫీ డికాషన్ రంగు, అంచుల్లో ఎరుపు. నురగ తెల్లగా లేదు, పాలు తక్కువైన కాఫీ మీది నురగలాగా ఉంది. ఫ్రిజ్జులోంచి తీసిన వెంటనే తాగితే ఏమీ తెలియలేదు, నాలుక మొద్దుబారింది, అంతే. పది నిమిషాలు ఆగమన్నాడు పిల్లాడు. ఆగినాక మళ్లీ గ్లాసు ముక్కు దగ్గర పెడితే అప్పుడు వచ్చింది వాసన. వేయించిన వేరుశనగ పొట్టు. పెనం మీద అంచులు ఎర్రబడిన ఒబ్బట్టు. తాగితే తీపి ముందు పలకరిస్తుంది, నిలవదు. బెల్లం పాకం వాసన ఉంటుంది, బెల్లం అంత తీపి ఉండదు. చేదు చివర్న వచ్చి నోరు కడిగి పోతుంది.

ష్వార్ట్స్‌బీర్ ఇంకా నలుపు. దీపానికి అడ్డం పెడితే గ్లాసు అడుగున మాత్రం కొంచెం ఎరుపు కనపడింది. కషాయంలాగా చిక్కగా, బరువుగా ఉంటుందనుకున్నాం. నోట్లో పోసుకుంటే నీళ్లలాగా తేలిగ్గా దిగిపోయింది! తీపి దాదాపు లేదు. చికోరీ కలిసిన కాఫీ, చక్కెర తక్కువైన చాక్లెట్, ఆ వెనక మాడిన వాసన ఒకటి. అది మా అందరికీ తెలిసిన వాసనే, పేరు మాత్రం నోటికి రాలేదు. ఘాటు కూడా తక్కువ. డుంకెల్ 5 శాతం, ఇది 4.8. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మేవి 8 దాకా పోతాయి. రంగు చూసి బలం లెక్కగట్టడం మా పొరపాటు.

నల్లగా ఎందుకుంటుందని అడిగితే పిల్లాడు చెప్పిన సంగతి మాకు కొత్త కాదు, మన వంటింటిదే. బార్లీ గింజలు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి వేడిలో పెడతారు. మనం పసిపిల్లల రాగి సరికి రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలక వచ్చినాక ఎండబెట్టి వేయించినట్టే. ఆ వేడి ఎంత పెడితే అంత రంగు, అంత వాసన. డుంకెల్‌కు బాగా వేడి తగిలిన మాల్ట్ ఎక్కువ వేస్తారు. ష్వార్ట్స్‌బీర్‌కు నల్లగా మాడ్చిన మాల్ట్ కొంచెం కలిపితే చాలు, మొత్తం నల్లబడుతుంది. లాగర్ అనే మాట జర్మన్‌లో నిలవ పెట్టడం నుంచి వచ్చింది. చల్లగా పులియబెట్టి, ఇంకా చల్లగా వారాల తరబడి నిలవ ఉంచుతారు. అందుకే రుచిలో గరుకు ఉండదు.

ఇంకో మాట చెప్పాడు, అది మాకు బాగా నచ్చింది. ఆ వైపు పాతకాలంలో రోజూ తాగింది నల్ల బీరేనంట. బంగారు రంగు లాగర్ 1842లో బొహీమియాలోని ప్లజెన్ ఊళ్లో పుట్టింది. మ్యూనిక్‌లో స్పాటెన్ వాళ్లు 1894లో గాని లేత రంగు హెలెస్ మొదలుపెట్టలేదు. ఆ తర్వాత లోకమంతా లేత రంగు వెంట పడింది. మనమూ అంతే కదా! లైన్ ఇళ్లల్లో పండగకు మాత్రం తెల్లన్నం, మిగతా రోజులు నల్ల సంగటి. నాలుగు డబ్బులు రాగానే సంగటి వదిలేశాం. ఇప్పుడు షుగరు వచ్చాక డాక్టరు చెబితే మళ్లీ రాగుల కోసం వెతుకుతున్నాం.

ఇట్లా మాట్లాడుకుంటూ ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. తమ్ముడు. చేతిలో మజ్జిగ గ్లాసు. మాలో ఎవరికీ మాట రాలేదు.

"అవ్వ మిమ్మల్ని కిందికి రమ్మంటా ఉంది. గ్లాసులు కూడా తెమ్మనింది" అన్నాడు.

వరండాలో అవ్వ కొత్త శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉంది. "యాలరా మిద్దె మీదికి పోతిరి? నాకు తెలీదనుకుంటిరా?" అంది. పిల్లాడు కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పు నాదే అవ్వా, నేనే తెచ్చినా."

"తెచ్చింది తప్పు కాదులేరా. దాచుకొని తాగితిరి చూడు, అది తప్పు. దాచుకొని తాగేది ఏదైనా సారాయే. ఇట్లియ్యి, చూస్తాం."

ష్వార్ట్స్‌బీర్ గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తాగలేదు. కాసేపు అట్లే పట్టుకుని, "ఇది సారాయి వాసన కాదు. మీ తాత అంబలి వాసన" అంది.

మొక్కు అని మేము విన్నదాని వెనక కథ ఆ రాత్రి తెలిసింది. తాత జీతం రోజు సాయంత్రం లైన్ ఇంటికి రాకుండా సారాయి అంగడికి పోయేవాడు. ఒక నెల జీతం డబ్బులు మొత్తం పోయినాయి, అవ్వ చేతి గాజులు కూడా పోయినాయి. అవ్వ నలుగురు పిల్లల్ని తీసుకుని వి.కోట పుట్టింటికి నడిచింది. ఎనిమిది నెలలు తిరిగి రాలేదు. తాత వచ్చి మా నాయన తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాకే వచ్చింది. మొక్కు దేవుడికి కాదు, మా నాయనకు. అప్పటి నుంచి పదకొండేళ్లు, గని దుమ్ము ఊపిరికి పట్టి పోయేదాకా, తాత ముట్టుకోలేదు.

"ముట్టుకోలేదు గానీ పొద్దుగూకితే చేతులు వణికేవి. కూచోలేడు, నిలబడలేడు. ఆ యాళకు సంగటి కుండలో అడుగంటిన మాడు గోకి, నీళ్లలో నానేసి, ఉప్పేసి, ఉల్లిగడ్డ తరిగి ఇచ్చేదాన్ని. నల్లగా ఉండేది. లోటా రెండు చేతులతో పట్టుకొని తాగేవాడు. మాడింది కావల్లని నేనే సంగటి అడుగంటించేదాన్ని రోజూ." 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద లేచినప్పుడు ఆ వార్త అవ్వ పదిసార్లు చదివించుకుంది. 2007లో కర్ణాటకలో సారాయి మూసిన రోజు ఇంట్లో పాయసం చేయించింది. ఎందుకో అప్పుడు మేము అడగలేదు.

మిద్దె మీద మాకు పేరు దొరకని వాసన అదే. సంగటి మాడు.

అప్పుడు అవ్వ తమ్ముడి వైపు తిరిగింది. "నీకు కష్టంగా ఉందా నాయనా, ఈ వాసన?" వాడు కాసేపు ఆగి, "ఉంది అవ్వా" అన్నాడు. మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి పోయాడు. ఆరేళ్లలో వాడిని ఆ మాట మేము ఎవరమూ అడగలేదు. వాడి ముందు సీసా మాట ఎత్తకపోతే చాలు, అదే మర్యాద అనుకున్నాం. వాడికి తెలియకుండా మిద్దె ఎక్కడం కూడా మర్యాదే అనుకున్నాం.

గ్లాసుల్లో మిగిలింది పారబోశాం. తెరవని రెండు సీసాలు మర్నాడే పిల్లాడు తన స్నేహితుడికి ఇచ్చేశాడు. మా ఇంట్లోకి సీసా రాదు, ఇకమీదట కూడా. కాకపోతే పిల్లలకు మొక్కు అని చెప్పడం మానేశాం. తాత సంగతి చెప్పాం, అవ్వ గాజుల సంగతి చెప్పాం, ఎనిమిది నెలల సంగతి చెప్పాం. తమ్ముడి ముందే చెప్పాం, వాడి అనుమతి అడిగి. బీరు బాగుందా అని పెద్దపిల్ల అడిగితే బాగుందనే చెప్పాం, అబద్ధం ఎందుకు?

ఈ రాత ఆ పిల్లల కోసమే. మీ ఇళ్లల్లో కూడా "మన ఇంట్లో ముట్టుకోరు" అనే మాట ఉంటే, చెప్పగలిగే అవ్వలు ఉన్నప్పుడే ఎందుకో అడిగి రాసి పెట్టుకోండి.

తిరిగి పోయేటప్పుడు పిల్లాడి పెట్టెలో రెండు కిలోల రాగిపిండి పెట్టాం. "అవ్వా, మాడు సరిగ్గా ఎట్లా వస్తుంది?" అని అడిగాడు. "మాడ్చేదానికి కూడా చెప్పల్లారా? కుండ పొయ్యి మీద పెట్టి, ఫోను చూస్తా కూచో. అదే వస్తుంది" అంది అవ్వ.