మోటారు కొట్టం ఏదీ?

"బాగుంది" అన్నమాట ఎవరు కనిపెట్టారోగానీ వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. పెళ్ళిచూపుల్లో పిల్ల పాడిన పాటకీ, పక్కింటావిడ పంపిన పొంగలికీ, మా మేనకోడలి ఫోటోలకీ ఇన్నాళ్ళూ ఆ ఒక్కమాటతోనే నెట్టుకొచ్చాను.

మా అన్నయ్య కూతురు కుప్పంలో చదువుకుంటోంది. సెలవొచ్చిందంటే మెళ్ళో కెమెరా వేసుకుని గుట్టలెంట తిరుగుతుంది. ఆ చుట్టుపక్కల బండలకేం కొదవ! తీసినవన్నీ మదనపల్లెలో ఉన్న నాకు ఫోనులో పంపిస్తుంది. నేను "బాగుందమ్మా" అంటాను. సంక్రాంతికి పదిరోజుల ముందు ఆ పిల్లకి కోపం వచ్చేసింది.

"అత్తా, నీ స్నేహితురాళ్ళ కథలకైతే నాలుగు పేజీల ఉత్తరాలు రాస్తావు. నా ఫోటోకి ఒక్కమాటేనా?"

చురుక్కుమంది. నా మొదటి నవల రాతప్రతిని ఒక పెద్దాయన కట్టిన దారం కట్టినట్టే తిరిగిస్తూ "బాగుందమ్మా" అన్నారొకప్పుడు. ఆ దారం ముడి నాకింకా గుర్తే.

అందుకని ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని మరీ కూర్చున్నాను. పుంగనూరు దగ్గర మా పుట్టింటి చేను అది. తెల్లవారుజాము మంచు, కట్టెలు పాతిన టమోటా తోట, వెనక కొండల వరస. కుడిపక్కన మోటారు కొట్టం, కరెంటు స్తంభం.

నేల ఒక పక్కకి ఒరిగిందన్నాను. ఏమీ లేని ఆకాశానికి సగం చోటెందుకన్నాను. ఫోటోని మూడు భాగాలు చేసుకుని చూడమని, ఈ మూడోవంతు సూత్రం 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషాయన పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలో ఉందని, అప్పటికింకా కెమెరాయే పుట్టలేదని, నాలుగు రోజుల కిందట చదివిన పాండిత్యమంతా ఒలకబోశాను. ఆఖర్న, "ఆ కొట్టమూ స్తంభమూ కంటికి అడ్డం. తీసెయ్" అన్నాను. అక్కర్లేని పాత్రల్ని చంపెయ్యడం మా వృత్తిలో మామూలే కదా.

గంటలో ఫోటో తిరిగొచ్చింది. కొట్టం లేదు, స్తంభం లేదు. మంచు నీలంగా, ఆకాశం నారింజరంగులో, అచ్చం కేలండరు బొమ్మ! "అద్భుతం" అన్నాను. పిల్ల సంబరపడిపోయి పెద్ద సైజులో ఫ్రేము కట్టించింది.

పండక్కి అందరం పుంగనూరు చేరాం. అమ్మ ఫ్రేముని కిటికీ వెలుగుకి తిప్పి చాలాసేపు చూసింది.

"ఎవురి చేను మే ఇది?"

"మనదే అవ్వా!"

"మనదైతే మోటారు కొట్టం ఏదీ?"

ఎవ్వరం మాట్లాడలేదు. మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్మే లేచాయి. నాలుగోదాంట్లో నీళ్ళు పడితే నాయన తన చేత్తో కట్టుకున్న కొట్టం అది. కరెంటు రాత్రి రెండింటికొచ్చే రోజుల్లో అందులోనే పడుకునేవాడు. అమ్మ ఇవేవీ అనలేదు. "మీ నాయన పండుకునే చోటు" అని మాత్రం అని, పాలు పొంగుతాయంటూ లోపలికెళ్ళిపోయింది. పిల్ల నావైపు చూసింది. తీసెయ్యమన్నది నేనే కదా!

కనుమ మర్నాడు అందరం హార్సిలీహిల్స్ ఎక్కాం. గాలిబండ మీద పొద్దుగూకేవేళ నేనూ నా ఫోనుతో ఒక ఫోటో తీసి, "ఇప్పుడు నీ వంతు, కడిగెయ్" అన్నాను. నిజానికి "బాగుందత్తా" అంటుందనే ఆశ.

"ఇందులో నేను ఏది చూడాలని తీశావత్తా?"

నోట మాట రాలేదు. కొండలున్నాయి, సూర్యుడున్నాడు, ఇనపకమ్మీ ఉంది, మావారి భుజం సగముంది. చివరికి "గాలి" అన్నాను.

"గాలి ఇదిగో, ఈ మూల" అంది. ఎవరిదో చీరచెంగు ఎగురుతోంది. సగానికి కోసేశాను! "రెండడుగులు ఎడంపక్కకి జరిగుంటే చెంగంతా వచ్చేది. మామయ్య భుజం తప్పేది."

మావారు తన భుజం తరఫున వాదించబోయారుగానీ మేం వినలేదు.

ఆ పిల్లని నేనా ప్రశ్న అడగనేలేదు. పాత్రని ఎందుకు పెట్టావని అడక్కుండా చంపమన్న విమర్శకుణ్ణి నేనైతే ఎన్ని తిట్లు తిట్టుకునేదాన్నో!

"అయితే దిద్దడమే తప్పంటావా?" అన్నాను.

"కాదత్తా" అంటూ ఆన్సెల్ ఆడమ్స్ సంగతి చెప్పింది. అమెరికాలో కొండల్ని ఫోటోలు తీసి ప్రసిద్ధికెక్కినాయన. 1941లో తీసిన చంద్రోదయాన్ని ఏళ్ళతరబడి మళ్ళీ మళ్ళీ అచ్చువేస్తూ ఆకాశాన్ని నల్లబరుస్తూనే పోయాడట. 1944లో లోన్‌పైన్ అనే ఊళ్ళో తీసిన ఫోటోలోనైతే, హైస్కూలు పిల్లలు గుట్టమీద తెల్లరాళ్ళతో పేర్చిన 'ఎల్.పి.' అక్షరాలు కనబడకుండా చెరిపేశాడట. దానికి ఆయన్ని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారట. ఆ పిల్లల అవ్వలెవరైనా ఫోటో చూసి అక్షరాలేవీ అని అడిగారో లేదో!

కుప్పం వెళ్ళాక పాత ఫోటో మళ్ళీ తీసింది. నేల ఒరుగు సరిచేసి, ఆకాశం తగ్గించి, నీడలో ఉన్న కొట్టం గోడకి కాస్త వెలుగిచ్చింది. స్తంభం మాత్రం నాకిప్పటికీ నచ్చలేదు. ఆ మాటే చెప్పాను. "ఉండనీలే అత్తా" అంది. ఉంచేసింది.

మొదటిది ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళు ఏ ఊరని అడిగితే మావారు స్విట్జర్లాండంటున్నారు.

రెండోది పుంగనూరికి వెళ్ళింది. అమ్మ ఏమందని అన్నయ్యకి ఫోను చేశాను. చాలాసేపు చూసిందట. "కొట్టం సరే. తలుపెందుకు మూసిపెట్టినారు?" అందట.