అతుకు వేసే చేతులు

గూగుల్ విశాఖకు సముద్రగర్భ కేబుళ్లు తెస్తామని 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి కేబుల్ ఒడ్డెక్కే చోటు ఎలా ఉంటుందో చూసి రాయమని మా ఎడిటర్ చెన్నై పంపారు. అక్కడి ఒక లాండింగ్ స్టేషన్‌లో అధికారి పరికరాల గదులు, బ్యాటరీలు, సముద్రంలోకి కరెంటు పంపే యంత్రాలు ఓపిగ్గా చూపించారు. నేను మాత్రం చివరి గదిలో బల్ల ముందు కూర్చున్న జాయింటర్, అంటే కేబుల్ అతికే మనిషి దగ్గరే ఉండిపోయాను.

ఆయనది భీమిలి వైపు ఊరు. యాభై దాటాయి. చాలాకాలం మరమ్మతు నౌకల మీద చేసి, ఇప్పుడు ఒడ్డున కేబుల్ చూసుకుంటున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఫైబర్ పట్టుకుంటే నాకు వేళ్లే కనిపించాయి. పైపూత ఒలిస్తే ఆ గాజుపోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. స్ట్రిప్పర్‌తో ఒక్క లాగులో పూత తీసి, ఆల్కహాల్‌లో తడిపిన కాగితంతో తుడిచారు. సన్నగా కీచుమంది. "అలా కూసిందంటే శుభ్రమైనట్టు బాబూ. ఇంక చెయ్యి తగలకూడదు" అన్నారు. క్లీవర్‌లో పెట్టి కొసను నిటారుగా తెంపారు. రెండు కొసల్నీ స్ప్లైసింగ్ మెషీన్‌లో ఎదురెదురుగా ఉంచి మీట నొక్కారు. ఆర్క్ మెరిసింది, గాజు కరిగి గాజులో కలిసింది. తెరమీద నష్టం 0.02 డెసిబెల్. నా కంటికి అతుకు ఆనవాలే లేదు. ఆయనకు నచ్చలేదు. కత్తిరించి మళ్లీ మొదలుపెట్టారు.

ఆ పట్టుదల ఓడ నేర్పింది. నడిసముద్రంలో కొక్కెం వేసి తెగిన కేబుల్ కొసను డెక్ మీదికి లాగుతారు. కొత్త ముక్క కలిపి ఫైబర్లన్నీ అతికాక, పైన పాలిథీన్ పోత పోసి, లోపల గాలిబుడగ మిగిలిందేమోనని ఎక్స్‌రే తీస్తారు. కాంతిని మళ్లీ బలపరిచే రిపీటర్లు దారి పొడవునా ఉంటాయి, వాటికి వేల వోల్టుల కరెంటు అందేది కేబుల్‌లోని రాగి గొట్టం మీదుగానే. ఉప్పునీరు తగిలితే అంతా వృథా. ఒక్కో జాయింటుకు దాదాపు ఒక రోజు పడుతుందట, అదీ ఊగే ఓడలో.

ఖండాల మధ్య డేటా అంతా ఉపగ్రహాల మీదుగా పోతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 95 శాతానికి పైగా పోయేది ఈ కేబుళ్లలోనే. సింగపూర్ నుంచి ఫ్రాన్స్ దాకా 14 దేశాలను కలిపే సీ-మీ-వీ 4 కేబుల్ పొడవు సుమారు 18,800 కిలోమీటర్లు. చెన్నై, ముంబై దానికి మజిలీలు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర అదీ, ఫ్లాగ్ కేబులూ తెగితే మన దేశంలో ఇంటర్నెట్ కుంటుపడింది. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర మళ్లీ దెబ్బతింది. ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 దాకా కేబుళ్లు ఇలా దెబ్బతింటాయి, ఎక్కువగా లంగర్ల వల్ల, చేపల వేట వల్ల.

"కేబులు ఒడ్డెక్కిన్నాడు కొబ్బరికాయ కొడతారు బాబూ. తెగిన్నాడు ఎవరి ఓడ కాళీగా ఉందా అని ఎతుకుతారు" అన్నారాయన. ఆ మాట విన్నాక నాకు కోపం ఆగలేదు. మన జెండాతో మరమ్మతు నౌకలు ఉండాల్సిన అవసరాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లోనే తన సిఫార్సుల్లో ఎత్తిచూపింది. ఓడ సంగతి అలా ఉంచితే, అందులో కూర్చుని అతికే మనుషులెక్కడ? ఈయన దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు ఆర్నెల్లు తిరక్కుండానే వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. వాళ్లనేమీ అనలేను. ఇంత నేర్పున్న పనికి మనం పేరూ ఇవ్వలేదు, జీతమూ ఇవ్వలేదు.

విశాఖలో ఓడలు కట్టే యార్డు ఉంది, ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, సముద్రం తెలిసిన కుటుంబాలున్నాయి. డేటా సెంటర్‌కు ఎన్ని ఎకరాలో లెక్కలు వేస్తున్నవాళ్లు జాయింటర్ల బడికి ఒక షెడ్డు ఇవ్వలేరా? కేబుల్ దారి ఖరారు కాకముందే ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల వాళ్లను కూర్చోబెట్టి, తెలుగులో మ్యాపు చూపించి మాట్లాడాలి. వల తగిలాక కేసులు పెట్టడం కన్నా అది చవక.

బడి పెడితే వచ్చి నేర్పుతారా అని అడిగాను. తప్పకుండా వస్తానన్నారు. ముందు మెషీన్లు కొనొద్దన్నారు. మొదటి నెలంతా పిల్లల చేత పూత ఒలిపించడం, తుడిపించడం, కొస తెంపించడం, ఇవే చేయించాలట.