అబింగ్డన్‌లో ఒక అంగుళం

ఆక్స్‌ఫర్డుకు దక్షిణంగా ఆరు మైళ్ళు పోతే థేమ్సు ఒడ్డున అబింగ్డన్ అనే చిన్న ఊరు వస్తుంది. పక్కనే అంత పెద్ద విశ్వవిద్యాలయం ఉండడంవల్ల కాబోలు, మనవాళ్ళెవరూ దాని పేరెత్తరు. ఊరి నడుమ 17వ శతాబ్దినాటి కౌంటీ హాలు ఉంది. పట్టాభిషేకంవంటి రాజవేడుకలు జరిగితే దాని కప్పుమీదనుంచి జనంమీదికి బన్నులు విసురుతారు. తలంబ్రాలు చూచిన కంటికి ఇదేమంత వింత కాదు. ఆ హాలులోని మ్యూజియంలో ఆ ఊళ్ళోనే పుట్టిన ఎమ్‌జీబీ కారొకటి ఉంది.

1929 నుంచి 1980 దాకా ఎమ్‌జీ కర్మాగారం ఇక్కడే ఉండేది. 1962లో మొదలైన ఎమ్‌జీబీలు ఐదు లక్షలకు పైగా తయారైనాయి. వాటిలో చాలా భాగం అమెరికా వెళ్ళాయి. చిక్కు అక్కడే వచ్చింది. 1974లో అమెరికా చట్టాలకోసం మెరిసే బంపర్లు తీసి నల్లరబ్బరువి తగిలించారు. దీపాల ఎత్తు చాలదంటే కారునే ఓ అంగుళం పైకెత్తారు. దాంతో మలుపుల్లో బండి ఒరగసాగింది.

మా బావగారు అక్కడ స్థిరపడిన డాక్టరు. ఆయనది 1976నాటి కారు. ఆ అంగుళం తీయించాలని ఆయన పట్టు.

"ఇప్పటికే దాంట్లోంచి లేవాలంటే నా భుజం కావాలి. ఇంకా దించితే క్రేను తెప్పించుకోండి" అంది మా అక్కయ్య. ఆయనవి ఆపరేషనైన మోకాళ్ళు మరి. అక్కయ్య మాటే న్యాయమనిపించింది గాని, నేను నోరు విప్పలేదు.

కుర్రతనంలో ఆ కర్మాగారంలోనే పనిచేసిన పొరుగింటి ముసలాయన పానాలు పట్టుకుని వచ్చాడు. ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారి ఎగిరితే మనిషి దక్కడు. అందుకని కింద జాకీ ఆనించి, గోరంత గోరంతగా వదిలి, పొట్టి స్ప్రింగులు ఎక్కించాడు. వెనుక మన లారీలకు ఉన్నట్టే కమానుకట్టలు. ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మలు పెట్టి పొడుగు బోల్టులతో బిగించాడు.

దిమ్మ పెడితే బండి లేవాలి గదా అన్నాను. ఇరుసు కట్టమీద కూర్చుంటుందట. చక్రం నేల విడవదు గనుక కట్టతో సహా బండే దిగుతుందట. కాలేజీలో సంధులు చెప్పుకునే నాకే తెలిసిపోయింది!

రెండంగుళాలు దించమన్నారు బావగారు. ముసలాయన ఒప్పుకోలేదు.

"గతుకు వస్తే ఇరుసు పైకి కొట్టుకుంటుంది. మేం మొదట చేసిన ఎత్తు ఇది. ఇంతే."

బండి బరువు చక్రాలమీద పడ్డాకనే ముందువైపు చివరి నట్లు బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలిపడి త్వరగా చీలిపోతాయట.

సాయంత్రం నదివైపు వెళ్ళాము. మలుపులో నేను తలుపు పట్టుకోబోయి మానుకున్నాను, బండి ఒరగలేదు. ఇంటికి వచ్చాక బావగారు ఒక కాలు బయటపెట్టి ఆగిపోయారు. అక్కయ్య వచ్చి రెండు చేతులూ అందించింది.

"అంగుళమే గదా" అన్నారాయన.

"నాకు తెలుస్తూనే ఉంది, లేవండి" అంది.