ఏసీ ఫిల్టర్‌కు కొలత ఎందుకు చూడాలి?



కత్తెర ఎండలు మొదలైతే వాతావరణ వార్తల్లో మన తిరుత్తణి పేరు తరచూ వినబడుతుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక గదికైనా ఏసీ ఉంది. దానిలోపలి ఫిల్టర్ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా పెద్దమ్మది పొదటూరుపేట. ముందు హాల్లో మరమగ్గాలు, వెనక పడకగది. డెబ్బై దాటిన మనిషి, ఆయాసం. ఆమె కోసమే కొడుకులు ఏసీ పెట్టించారు. రెండో వేసవికే చల్లదనం తగ్గింది. వచ్చిన మెకానిక్ మూతైనా తీయకుండా "గ్యాస్ పోయింది, నింపాలి" అన్నాడు. నేను అక్కడే ఉండి మూత తెరిపించాను.

ఫిల్టర్ మీద నూలు నుసి దుప్పటిలా పరుచుకుంది. పాతది విరిగినప్పుడు ఎవరో దొరికిన సైజు తెచ్చి, కత్తిరించి పెట్టారట. ఒక పక్క వేలెడు సందు! అందులోంచి దూరిన నుసి లోపలి కాయిల్ తడికి అతుక్కుని గట్టిపడింది. గాలి ఆడకపోతే కాయిల్ మీద మంచు కడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, గది మాత్రం చల్లబడదు. కాయిల్ కడిగించి, సరైన ఫిల్టర్ పెట్టించాం. గ్యాస్ నింపే పనే పడలేదు.

గట్టు తెగినచోటికే నీళ్లు పోయినట్టు, గాలి కూడా సందు ఉన్నవైపే పోతుంది. కాబట్టి కొనేముందు ఏసీ మీది స్టిక్కర్‌లో మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. పాత ఫిల్టర్‌నే అంగడికి పట్టుకుపోండి. పొడవు, వెడల్పు, మందం, కొక్కేలు ఉన్న చోటు అన్నీ కలవాలి. కుడిదీ ఎడమదీ ఒకటే అనుకోకండి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు వాళ్లకూ చెప్పండి. అక్కడ చాలా ఇళ్లలో ఇల్లంతటికీ కలిపి ఏసీ ఉంటుంది. ఫిల్టర్ అట్ట మీద 16×25×1 అని అంగుళాల్లో రాసి ఉంటుంది. అది పేరుకు చెప్పే సైజు, అసలు కొలత కొంచెం తక్కువే. పాతదాని అంచున అచ్చయిన సైజు చూసి అదే కొనాలి. బాణం గుర్తు గాలి పోయేవైపు ఉండాలి.

ఇంకో ముఖ్యమైన మాట. మన స్ప్లిట్ ఏసీల్లోని వల ఫిల్టర్ ముతక దుమ్మునే ఆపుతుంది. అది మిషన్‌కు కాపలా, మన ఊపిరితిత్తులకు కాదు. ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీలిస్తే బిస్సినోసిస్ అనే జబ్బే రావచ్చు. దానికి భయపడి వల మీద మందపాటి షీట్లు అంటిస్తే గాలి తగ్గి మళ్లీ మొదటి కష్టమే. మేము మగ్గాల హాలుకూ పెద్దమ్మ గదికీ మధ్య తలుపు పెట్టించి, కింది సందు మూయించాం. హాల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాం. ఆయాసం పోయిందని చెప్పను. రాత్రి దగ్గు తగ్గింది, నిద్ర పడుతోంది.

మామూలు ఇళ్లలో 15 రోజులకోసారి, మగ్గాలున్న ఇళ్లలో వారానికోసారి ఫిల్టర్ కడిగి నీడలో ఆరబెట్టండి. వయసైనవాళ్లు కుర్చీ ఎక్కి ఆ పని చేయలేరు. మన సంఘం కుర్రాళ్లు ఆదివారం ఒక గంట వీధిలోని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ మూత తెరిచి చూస్తే చాలు. ఎవరెవరు వస్తారో కింద పేరు పెట్టండి.