మెకంజీ దొర పక్కనున్నది ఎవరు?

ఎర్ర కోటులో ఉన్న దొర ఎవరో చెప్పడానికి ఎవరూ తడుముకోనక్కర్లేదు. ఆయన కల్నల్ కాలిన్ మెకంజీ. దక్షిణాది ఊరూరి చరిత్రనూ కైఫీయతులుగా రాయించి, తాళపత్రాలనూ శాసనాల నకళ్లనూ పోగుచేసిన స్కాట్లండ్ వాసి. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మరుసటి ఏడాది మద్రాసులో ఐరిష్ చిత్రకారుడు థామస్ హిక్కీ ఆయన బొమ్మ గీశాడు. ఆ తైలవర్ణ చిత్రం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అయితే అందులో మెకంజీ ఒక్కడే లేడు. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు. వాళ్లెవరు?

అదే కాలంలో బ్రిటన్‌లో అరచేతిలో ఇమిడే ముఖచిత్రాల పతకాలకు మంచి గిరాకీ ఉండేది. జేమ్స్ టాసీ, ఆయన తర్వాత మేనల్లుడు విలియం టాసీ తెల్లటి గాజు ముద్దతో వాటిని పోతపోసేవారు. చాలా పతకాల్లో భుజం కింది అంచున ఆ మనిషి పేరు, ఏడాది చెక్కి ఉంటాయి. పేరు లేని పతకం దొరికితే పరిశోధకులు దుస్తులు, జుట్టు తీరు, హోదా చిహ్నాలను బట్టి ఆనవాలు కడతారు. హిక్కీ బొమ్మలోని ముగ్గురి విషయంలోనూ జరిగింది అదే. పేర్లు చెప్పాల్సింది వాళ్ల చేతుల్లోని వస్తువులూ, వెనకున్న దృశ్యమూ, మెకంజీ కాగితాలే.

దూరంగా కొండమీద కనిపించే నిలువెత్తు విగ్రహం కార్కళ గోమటేశ్వరుడిది. మరోచోట గుంజకు బుట్ట కట్టి ఉంది. అది సర్వే గుర్తు. అంటే చిత్రంలో మెకంజీ రెండు పనులూ ఉన్నాయి: నేలను కొలవడం, చరిత్రను సేకరించడం. మనుషులనూ ఆ లెక్కనే పోల్చుకోవాలి. టెలిస్కోపు పట్టుకున్నవాడు సర్వే బంట్రోతు. అతను కృష్ణాజీ కావచ్చునంటారు. తాళపత్ర గ్రంథం పట్టుకున్నాయన జైన పండితుడు ధర్మయ్య. హళగన్నడ శాసనాలను చదవడంలో మెకంజీకి ఆసరా ఆయనే. జైన విగ్రహం ఉన్న బొమ్మలో జైన పండితుడు ఉండటం సహజమే.

ఇక మూడో మనిషి. ఇక్కడే తెలుగువారికి ఆసక్తి పెరుగుతుంది. మెకంజీ బృందానికి వెన్నెముకగా నిలిచింది ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. వారిలో బొర్రయ్య ప్రతిభావంతుడు. భారతీయ విజ్ఞానమనే ఇంటి గుమ్మం తనకు చూపింది అతనేనని మెకంజీ తర్వాత రాసుకున్నాడు. కాబట్టి పక్కన ఉండాల్సింది బొర్రయ్యే అనిపిస్తుంది. కానీ అతను 1803లోనే, ముప్పయ్యేళ్లయినా నిండకుండా కన్నుమూశాడు. హిక్కీ కుంచె పట్టేనాటికి పదమూడేళ్లు గడిచాయి. అన్న స్థానంలోకి వచ్చి, ఊళ్లు తిరిగే గుమాస్తాల నివేదికలన్నీ తన చేతుల మీదుగా నడిపినవాడు తమ్ముడు వెంకట లక్ష్మయ్య. మూడో మనిషి ఆయనేనని పరిశోధకులు గుర్తించారు.

ఆ గుర్తింపు ఒక్క బొమ్మతో ఆగే విషయం కాదు. 1821లో మెకంజీ చనిపోయాక ఆయన సేకరణను కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దాని జాబితా అచ్చువేశాడు. ఆగిపోయిన సేకరణను మళ్లీ మొదలుపెట్టి తానే నడిపిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. 1836లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. స్థానికుడెవరైనా సొంతంగా ఈ పని చేయగలడా అని జేమ్స్ ప్రిన్సెప్ సందేహం వెలిబుచ్చాడు. సహాయకుడిగా పనికొస్తాడు, సారథిగా పనికిరాడన్నమాట. దాదాపు రెండు దశాబ్దాలు అదే పనిలో తలపండినవాడికి దక్కిన యోగ్యతాపత్రమది.

ఈ వెలుగులో చూస్తే బొమ్మకు మరో అర్థం కనిపిస్తుంది. హిక్కీ ఆ ముగ్గురినీ అలంకారంగా గీయలేదు. ఎవరి ముఖం వారిదే, ఎవరి పనిముట్టు వారిదే. కుంచె అంతటి గౌరవమిచ్చినా, చిత్రం మీద చూసేవారికి పేర్లు మాత్రం కనిపించవు. ముఖం మిగిలి పేరు పోయిన మనిషి కాలక్రమంలో ‘దొరవారి పండితుడు’గా మిగిలిపోతాడు. చేసిన పని కూడా దొర ఖాతాలోకే చేరిపోతుంది. నేటికీ ఆ నిధిని పిలిచేది ‘మెకంజీ కైఫీయతులు’ అనే కదా.

ముగ్గురి పేర్లూ సమానంగా ఖాయం కాలేదు. కృష్ణాజీ పేరు ముందు ‘బహుశా’ అనే మాట ఇంకా ఉంది. అది ఉండటమే న్యాయం. తప్పు పేరు తగిలించడం కన్నా సందేహాన్ని ఒప్పుకోవడం మేలు. కాకపోతే ‘బహుశా కృష్ణాజీ’కీ, ‘ఒక బంట్రోతు’కూ మధ్య చాలా దూరముంది. మొదటిది ఒక మనిషిని వెతుకుతోంది. రెండోది వెతకడం మానేసింది.