కథ తల్లికి, మాట బిడ్డకి

"సెల్లు చేతికిస్తేగానీ ముద్ద మింగడు సార్!" ఈమధ్య నా దగ్గరకు వచ్చే తల్లుల్లో ఈ మాట అనని వారు తక్కువ. మీ ఇంట్లోనూ ఇదే వరస అయితే, ఈ వారం నేను చేసిన ఒక తప్పు సంగతి చెబుతాను, వినండి.

నేను వైద్యం చేసేది హార్సిలీ కొండల దగ్గర బి.కొత్తకోటలో. చుట్టుపక్కల పల్లెల్లో టమోటా తోటలు. ఒకరోజు ఒక తల్లి ఏడాదిన్నర పిల్లవాడిని జలుబని తీసుకొచ్చింది. మందు రాయించుకుని లేస్తూ, "అబ్బోడు ఇంకా అమ్మా అని కూడా అనలేదు సార్" అంది. బయట పదిమంది కూర్చుని ఉన్నారు. "మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారులేమ్మా" అని పంపించేశాను.

మళ్ళీ ఆమె వచ్చేసరికి పిల్లవాడికి రెండేళ్ళ నాలుగు నెలలు. ఒక్క మాటా రాలేదు. నేను తొందరపడి అన్న మాటవల్ల పది నెలల విలువైన కాలం పోయింది.

మీరలా మోసపోకండి. ఏడాది నిండినా "బబ్బబ్బ, మమ్మమ్మ" అని పలుకులు లేకపోయినా, వేలెత్తి చూపించకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్ళకు "పాలు కావాలి" వంటి రెండు మాటలు కలపకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. ముందుగా చేయించవలసింది వినికిడి పరీక్ష. చెవి వినకపోతే నోరు ఎలా పలుకుతుంది? మగపిల్లలకు కాస్త ఆలస్యం కావచ్చు. కానీ ఆ మాట చెప్పి పరీక్ష మానేయకూడదు.

ఆ పిల్లవాడి చెవులు బాగానే ఉన్నాయి. మాటలు నేర్పించే నిపుణుల దగ్గరకు పంపాను. సెల్లు మాన్పించమన్నాను. "రోజంతా వాడితో మాట్లాడుతూ ఉండమ్మా, కథలు చెప్పు" అన్నాను.

ఆమె తల వంచుకుంది. "ఏం మాట్లాడేది సార్? పొద్దున్నే కాయలు కోయను పోతే మాపటికి వస్తా. మా అవ్వకు బోలెడు కథలు వచ్చేవి. నాకొక్కటీ రాదు."

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. మనం సలహాలు చెబుతాం గానీ, ఆ సలహా పాటించడానికి కావలసిన సరుకు తల్లి దగ్గర ఉందా అని అడగం.

"సెల్లులో కథలు పెట్టి బిడ్డకు వినిపిస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. పసిబిడ్డలకు సరిపోదు. 2003లో అమెరికాలో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనులు పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలోనో, ఉత్త రికార్డులోనో వింటే పట్టుకోలేదు. పసిబిడ్డకు మాట నేర్పేది ఎదురుగా ఉన్న ముఖం, కలిసే చూపు, బిడ్డ "ఊఁ" అంటే తిరిగి "ఊఁ" అనే మనిషి.

అంటే రికార్డు వినవలసింది బిడ్డ కాదు, తల్లి!

ఇక్కడే నాకు మన లైబ్రరీ గుర్తొచ్చింది. విదేశాల్లో కొన్ని పౌర గ్రంథాలయాలు తల్లిదండ్రుల కోసం పాడ్‌కాస్టులు చేస్తున్నాయి. పాడ్‌కాస్ట్ అంటే మరేం లేదు, రేడియో కార్యక్రమం లాంటిదే. అయితే ఫలానా వేళకు కూర్చోనక్కరలేదు, సెల్లులో ఎప్పుడైనా వినవచ్చు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీగానే ఉంటాయి కదా! చదువు రాని తల్లి కూడా వినవచ్చు.

మన గ్రంథాలయాలకు ఇది కొత్త ధర్మమేమీ కాదు. 1935లో పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో ఊరూరికీ పుస్తకాలు పంపారు. పుస్తకం దగ్గరకు మనిషి రాలేకపోతే, మనిషి దగ్గరకు పుస్తకమే పోవాలన్నది ఆ పెద్దల ఆలోచన. ఇప్పుడు పడవ పని సెల్లు చెయ్యగలదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నది ఆ టమోటా తోటల కుటుంబాలు కూడా!

ఎవరో చేస్తారని చూడకుండా నేను చిన్న ప్రయత్నం చేశాను. నక్క, కాకి, ముసలవ్వ కథలు, మా అమ్మ చెప్పినవే, అయిదేసి నిమిషాలు నా గొంతుతో రికార్డు చేసి ఆ తల్లికి పంపాను. కాయలు ఏరుతూ ఆమె వింటుంది. రాత్రి సంగటి ముద్ద పెడుతూ, తన మాటల్లో బిడ్డకు చెబుతుంది.

మూడేళ్ళు నిండకముందే ఒకనాడు ఆమె నవ్వుతూ వచ్చింది. "నక్క పోయె అన్నాడు సార్!" రెండు మాటలు. సెల్లు మానినందువల్ల ఎంత, శిక్షణవల్ల ఎంత, కథలవల్ల ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను. ఇంకా శిక్షణ నడుస్తూనే ఉంది. కానీ తనకు కథలు రావని తలవంచుకున్న ఆ తల్లి, నేను పంపని కథ కూడా ఒకటి చెప్పిందట!

చివరిగా కొన్ని జాగ్రత్తలు:

1. రెండేళ్ళ లోపు పిల్లలకు సెల్లు, టీవీ వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట.

2. పసిపిల్లల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టకండి. మీరు వినేటప్పుడు కూడా పక్కవాళ్ళ మాట వినిపించేంత సన్నగా పెట్టుకోండి.

3. కథ ఒకే బిగిన చెప్పకండి. "తర్వాత ఏమైంది?" అని ఆగండి. బిడ్డ వేలు చూపినా, "ఊఁ" అన్నా అది జవాబే.

4. తండ్రి బెంగుళూరులోనో కువైట్‌లోనో ఉంటే, సెల్లులో మాట్లాడేటప్పుడు బిడ్డ జవాబు చెప్పేదాకా ఆగమనండి.

5. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ప్రభుత్వ వైద్యబృందాలు ఎదుగుదలలో లోపాలను కూడా చూస్తాయి. ఈ పథకం 2013 నుంచి ఉంది. అనుమానం ఉంటే అడగడానికి మొహమాటపడకండి.

నాలాంటి డాక్టరు ఎవరైనా "ఆలస్యంగా మాట్లాడతాడులే" అంటే లేచి రాకండి. "పరీక్ష రాయండి" అని అడిగి మరీ రాయించుకోండి.